కుక్క పట్టు

కుక్క వదల్లేదు. నాలుగుసార్లు తన్నాను, మడమ కమిలింది, ఒక చెప్పు ఊడి నీళ్లలో పడి, నన్ను వదిలించుకున్న సంతోషంతో కొండవైపు తేలుకుంటూ పోయింది. మళ్లీ పాక్కుంటూ వచ్చి పడవ వెనక పలక మీద కూర్చుని, రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకున్నాను. ముందు కొసన అంజినప్ప బీడీ వెలిగించుకుంటున్నాడు, వాడికేం, వాడికి ఈత వచ్చు. వాడి పక్కన నేను చేసిన, చేత్తో తిప్పి బరువు ఎత్తే వించి, వించి డ్రమ్ముకు చుట్టిన ఇనుప వైరు, ఆ వైరు పడవ ముక్కు మీదుగా నిటారుగా నీళ్లలోకి దిగి, అడుగున దేనికో తగులుకున్న లంగరు దాకా పోయి, అక్కడ ఆగింది. లంగరు పైకి రాదు. వైరును కిందికి వదులుదామంటే కుక్క ఒప్పుకోదు. కుక్క అంటే తోక ఉండేది కాదు. బోర్లలోంచి మోటార్లు ఎత్తే మా పనిలో వించికి ఒక పళ్ల చక్రం ఉంటుంది, ఆ పళ్ల సందులోకి దిగి చక్రం వెనక్కి తిరగకుండా పట్టుకునే ఇనుప ముక్కను కుక్క అంటాం. మా ఉస్తాదు అలాగే అనేవాడు. కరుచుకుంటే వదలదు కాబట్టి కుక్క. ఈ పడవ కుక్క అస్సలు వదలకూడదని దానికి రెండింతలు స్ప్రింగు వేశాను, స్ప్రింగు జారకుండా పైన మందపాటి రేకు మూత పెట్టాను, మూత ఊడకుండా రెండు బోల్టులు బిగించాను, ఆ బోల్టులు విప్పే పదిహేడో నంబరు పానా కట్ట మీద, నా మోటారు సైకిలుకు తగిలించిన సంచిలో భద్రంగా ఉంది.

నీళ్లంటే నాకు తెలుసనుకున్నాను. ముప్పై ఏళ్లుగా నాది నీళ్ల పనే. గోరంట్ల చుట్టుపక్కల ఏ చేలో ఎన్ని అడుగుల కింద తడి ఉందో ఇమాం హుస్సేన్‌ను అడుగు అనేవాళ్లు. కానీ నాకు తెలిసిన నీళ్లు ఆరున్నర అంగుళాల గుంతలో, ఆరేడొందల అడుగుల కింద ఉండేవి, ఉంటే ఉన్నట్టు, లేకపోతే దుమ్ము. ఇలా ఎదురుగా ఒళ్లు విరుచుకుని, కనుచూపు మేర పడుకుని, పలక కింద గుడగుడమంటూ ఉండే నీళ్లు నాకు కొత్త. ఈత ఎక్కడ నేర్చుకుంటాను? మా ఊరి చెరువు నిండడం నా చిన్నతనంలో ఒక్కసారే జరిగింది, ఆ వారం నాకు ఆటలమ్మ. ఐదేళ్ల కిందట కాలువ తవ్వి ఎక్కడి నీళ్లో తెచ్చి ఈ లోయలో నింపితే మండలం అంతా టెంకాయలు పట్టుకుని వచ్చి చూసింది. నేనూ వచ్చాను, దూరంగా నిలబడి చూసి, ఇంక నా పని అయిపోయిందని ఇంటికి పోయి ముసుగు తన్ని పడుకున్నాను. నా పనికేమీ కాలేదు, బోర్లు ఎక్కడికీ పోలేదు. పోయింది అంజినప్ప చేను. ఏడెకరాల శనక్కాయ చేను ఈ నీళ్ల కిందికి పోయింది, బదులుగా వాడికి చేపలు పట్టుకునే లైసెన్సు ఇచ్చారు. చేపను సంతలో తప్ప చూసినవాడు కాదు. సొసైటీవాళ్లు డబ్బాల్లో చేపపిల్లలు తెచ్చి వదులుతూ ఇది చేప విత్తనం అన్నారట, ఆ ఒక్క మాటకు వీడు పడిపోయాడు. విత్తనమైతే నాకు తెల్సు అన్నాడు. వేసిన విత్తనం వేసినట్టు పెరగడం వాడు చూసింది అదే మొదటిసారి. ఈ రోజుకీ పడవను ఎద్దుల బండిలాగే తోలుతాడు, ఎడమకు తిప్పాలంటే దాపటికి అంటాడు, కుడికైతే వలపటికి అంటాడు, ఆగమని హో హో అంటాడు, పడవ వినదు, గాలికి పోతూనే ఉంటుంది. అందుకే లంగరు కావలసి వచ్చింది.

ఈ గాలి ఒకటి మా ప్రాణానికి. కొండల మీద గాలిమరలు తిప్పేది ఇదే, వల వేసుకునే మనిషిని పడవతో సహా అవతలి గట్టుకు తోసేది ఇదే. తాడుకు రాయి కట్టి దింపుకునేవాడు అంజినప్ప, పని అయ్యాక చేత్తో లాక్కునేవాడు. చేత్తో అంటే ఎడం చేత్తో. కుడి భుజం పన్నెండేళ్ల కిందట విరిగి, సరిగా అతుక్కోక, ఆ చెయ్యి రొమ్ము కంటే పైకి లేవదు. పోయిన నెల రాయి లాగుతూ ఎడమదీ పట్టేయించుకుని వారం రోజులు మంచం దిగలేదు. మంగళవారం టీ కొట్లో గ్లాసు ఊదుకుంటూ, ఎవరో పరాయివాడి సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"పడవ అమ్మేస్తాండా హుసేనూ. ఆదివారం బెంగళూరుకు పోతాండా. అపార్టుమెంట్లో గేటు పని. తెరిసేది, మూసేది. ఒక చెయ్యి ఉంటే చాలన్న్యారు."

ఒక చెయ్యి ఉంటే చాలన్నారు. టీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాను. నాకు బాధ వస్తే అది కోపంలాగే బయటికి వస్తుంది, మా ఇంటామె నూర్జాన్‌ను అడిగితే చెబుతుంది. యాభై ఐదేళ్ల వయసులో గేటు మూసేది నేర్చుకుంటావా అని కొట్లో అందరి ముందూ తిట్టాను. లంగరు ఎత్తే వించి నేను చేసి బిగిస్తాను, చిటికెన వేలితో తిప్పుతావు చూడు అన్నాను. శుక్రవారం లోపల అన్నాను. ఈ రోజు శుక్రవారం, జుమ్మా నమాజు అయిన వెంటనే బండి వేసుకుని వచ్చాను. పడవ కొనేవాడు రేపు పొద్దున వస్తాడు. వించి పని చేస్తే అంజినప్ప ఉంటాడు, చేయకపోతే పోతాడు, మధ్యలో ఇంకేమీ లేదు. వాడు పోతే ఆ టీ కొట్లో నేను ఎవర్ని తిట్టాలి?

లంగరు వించి ఎలా ఉంటుందో నాకేం తెలుసు, ఫోన్లో చూశాను. మొదటి వీడియోలో ఒక తెల్లాయన, తెల్ల పడవ, తెల్ల నిక్కరు, బొత్తాం నొక్కితే గొలుసు దానంతటది లోపలికి పోతుంది, ఆయన కాఫీ తాగుతూ ఉంటాడు. అది మనది కాదు. ఇంకో దాంట్లో చేత్తో తిప్పేది చూపించారు, చూస్తే మన మోటారు వించికి తమ్ముడు, ఇంతేనా అనుకున్నాను. కదిరిలో పాత ఇనుప సామాన్ల కొట్లో పళ్ల చక్రం ఏరుకుని, డ్రమ్ము చేయించి, పడవ ముక్కు దగ్గర పలక వేసి బిగించాను. ఒక సంగతికి మాత్రం ఆ వీడియో చూసి నవ్వాను. లంగరు అడుగు తాకాక కూడా ఆయన తాడు వదులుతూనే ఉన్నాడు, నీళ్ల లోతుకు నాలుగైదింతలు వదిలాడు, తాడు ఏటవాలుగా వేలాడుతోంది. ఇంత వదులుగా వదిలేవాడు మళ్లీ ఏం ఎత్తుతాడు అని నూర్జాన్‌కు చూపించి మరీ నవ్వాను. మా పనిలో మొదటి పాఠం, వైరు నిటారుగా ఉండాలి, బిగుతుగా ఉండాలి. అందుకని ఈ రోజు ఇంకా చుట్టని వైరుతో లంగరును చేత్తో దింపి, అది అడుగు తాకగానే వదులంతా డ్రమ్ముకు చుట్టేసి, నిటారుగా బిగించి చేతులు దులుపుకున్నాను. గాలికి పడవ ఊగింది, కింద లంగరు దేన్నో గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు ఎత్తి చూపిస్తా చూడు అని హాండిల్ తిప్పాను. తిరిగింది. కుక్క టిక్కు టిక్కుమంది, ఆహా అనుకున్నాను. బోరు దగ్గర నేల నేలలాగే ఉంటుంది, నేను తిప్పితే మోటారు పైకి రావలసిందే, దానికి ఇంకో దారి లేదు. ఇక్కడ నేను తిప్పుతుంటే లంగరు పైకి రావడం మాని పడవ ముక్కు కిందికి పోతోంది. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి వెనక పలక మీద కూర్చున్న అంజినప్ప జారుకుంటూ వచ్చి నా వీపుకు తగిలాడు.

పానా కావాలి. ఈ ఎదురుగాలిలో కట్ట దాకా ఈదాలంటే అంజినప్పకు ఒక చెయ్యి చాలదు. నూర్జాన్‌కు ఫోన్ చేశాను, మా ఇల్లు కట్ట దిగి ఒక మైలు. బ్యాటరీ ఎర్రగీతలో ఉంది, చెవిలో గాలి హోరు. "కుక్క పట్టుకునిండాది నూర్జాన్, ఎంత తన్నినా వదల్లేదు, ఇద్దరం పడవలోనే ఉండాం, బిరీన రా, నా సంచిలో" అన్నానో లేదో ఫోన్ చచ్చింది. సంచిలో అని విన్నది కదా, సంచి చూస్తుంది, పానా కనిపిస్తుంది, ఎవరినైనా పుట్టి పడవ వేసుకుని పంపిస్తుంది. ముప్పై ఏళ్లు మోటార్లు ఎత్తేవాడికి పెళ్లాంగా ఉన్న మనిషికి కుక్క అంటే ఏమిటో తెలియదా? తెలిసే ఉంటుంది. నేను ఎప్పుడైనా చెప్పానా? ఇంట్లో పని మాటలు ఎత్తకూడదని నాకో నియమం, అన్నం తినేటప్పుడు బోర్ల గొడవ ఎందుకని. ఆ నియమం ఎవరు పెట్టమన్నారు నన్ను? ఎంతసేపయింది ఫోన్ చేసి? సూర్యుడు గాలిమర రెక్క వెనక్కి పోయాడు, అరగంట అయి ఉంటుంది. అంజినప్ప రెండో బీడీ పూర్తి చేశాడు.

"ఎన్ని వేళ్లు?" అన్నాను.

అంజినప్ప పడవ ముక్కు దగ్గర అంచు బయట చెయ్యి అడ్డంగా పెట్టి, నీళ్ల దాకా కొలిచాడు. "ఆరు."

"ఇందాక ఏడు అన్నావు గదా."

"ఇందాక ఏడే ఉన్న్యాయి. పొద్దున కాలవకు నీళ్లు ఇడిసినారు. ఎక్కుతాండాయి."

నీళ్లు ఎక్కుతున్నాయి. వైరు పెరగదు. నీళ్లు పైకి వచ్చే కొద్దీ పడవ ముక్కును నా వించి కిందికి పట్టి ఉంచుతుంది, గంటకు రెండు వేళ్ల చొప్పున, పట్టు జారకుండా, ఎంత బాగా చేశానో. కత్తితో కోయడానికి అది తాడు కాదు, ఇనుప వైరు, తాడైతే తెగుతుందని నేనే వద్దన్నాను. అనంతపురం జిల్లాలో నీళ్లు ఎక్కుతున్నాయని భయపడిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. మా నాయన వింటే నమ్మడు. మా నాయన వాన కోసం మసీదు బయట మైదానంలో చొక్కా తిరగేసి వేసుకుని దువా చేసినవాడు, నన్నూ పక్కన నిలబెట్టుకుని చేయించాడు, అల్లా ఆ దువా ఎక్కడో పక్కన పెట్టి, నలభై ఏళ్ల తర్వాత ఈ శుక్రవారం పూట తీసి చూసినట్టుంది. ఇప్పుడు వద్దని అడగడానికి నాకు నోరు రావడం లేదు. ఈ నేల మీద పుట్టినవాడు నీళ్లు వద్దని ఎట్లా అడుగుతాడు?

కింద ఏం పట్టుకుందో నాకు తెలుసు. ఇందాకటి నుంచీ తెలుసు, అనడం లేదు. మేం ఉన్నది అంజినప్ప చేను మీద. ఎదుటి కొండ మీది పెద్ద గుండురాయీ సెల్ టవరూ ఒక వరుసలోకి వస్తే కింద తన చేను, వాడు రోజూ ఇక్కడే వల వేస్తాడు, వేరేవాళ్ల చేను మీద పట్టడం మర్యాద కాదంటాడు. ఆ చేలో వాడు వేయించిన ఏడు బోర్లలో ఒక్కదాంట్లోనే నీళ్లు పడ్డాయి. పన్నెండేళ్ల కిందట, శనక్కాయ ఊడలు దిగే రోజుల్లో, దాంట్లో మోటారు కాలిపోయింది. ఎత్తడానికి నేనే పోయాను. పొద్దున వించి బిగిస్తూ కుక్కను చూశాను, మొన అరిగి గుండ్రంగా ఉంది. కదిరికి పోయి కొత్తది తేవాలంటే ఒక పూట పోతుంది, సాయంత్రానికి మడకశిర దారిలో ఇంకో బోరు ఒప్పుకుని ఉన్నాను, ఇంకొక్క మోటారుకు ఏం కాదులే అనుకున్నాను. మూడొందల అడుగులు ఎత్తాక కుక్క జారింది. వెనక్కి గిర్రున తిరుగుతున్న హాండిల్‌కు దూరంగా నేను ఎగిరి పక్కకు పోయాను. అంజినప్ప దాని మీదికి పోయాడు. వాడి మోటారు, వాడి నీళ్లు, వాడు ఊరికే చూస్తూ నిలబడతాడా, రెండు చేతులూ చాపి పట్టుకోబోయాడు. భుజం విరిగిన చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది, ఎండు కంప విరిచినట్టు వినిపిస్తుంది. మోటారు, పైపులు, అన్నీ బోరులోకి పోయాయి. ఊళ్లో వాళ్లు అడిగితే బండి మీంచి పడినా అని చెప్పాడు. నేను కూడా, అవును, బండి మీంచి పడినాడు అన్నాను. ఆ మోటారు తీయడానికి, బావిలో పడిన బిందెలు తీసే పాతాళ గరిగె ఉంటుంది చూడండి, ఆ కొక్కేల గుత్తి, దాన్ని పెద్దదిగా చేసి తొమ్మిది రోజులు ఆ బోరులో దింపాను, ఎత్తాను, దింపాను. రాలేదు. అదే కొక్కేల గుత్తిని ఇప్పుడు లంగరుగా వేశాను, ఇనుము వృథా ఎందుకని. అది పోయి పోయి ఎక్కడ పట్టుకుని ఉంటుంది? ఆ బోరునే. బోరు నోట్లో దింపిన కేసింగు పైపు అంచును పట్టుకుని, పన్నెండేళ్ల తర్వాత దొరికినావురా హుస్సేనూ అంటోంది.

కట్ట మీద మనుషులు కనిపించారు. ఆటో ఒకటి ఆగింది, ముందు దిగింది నూర్జానే, నడకలోనే గుర్తు పట్టాను. చేతిలో కట్టె ఎందుకో. వెనక తెల్ల కోటు వేసుకుని, నీలం డబ్బా పట్టుకుని సబ్‌సెంటరు నర్సు రూతు. ఇంకో పదిమంది. రూతు ఎందుకు, ఎవరికి జ్వరం? గాలి కట్ట మీంచి మా వైపు వీస్తోంది, వాళ్ల మాటలు మాకు తునకలు తునకలుగా వస్తున్నాయి, మా మాటలు వాళ్లకు పోవు.

"ఎవర్ని కరిసిందీ?" నూర్జాన్ గొంతు.

నేను అంజినప్పను చూశాను. అంజినప్ప నన్ను చూశాడు. బీడీ నోట్లోంచి తీశాడు. "ఫోన్లో ఏం చెప్పినావప్పా నువ్వు?"

నేను లేచి నిలబడే ధైర్యం లేక కూర్చునే అరిచాను, పానా, పానా, సంచిలో పానా అని, గొంతు చిరిగేలాగా. కట్ట మీద అందరూ చెవుల వెనక చేతులు పెట్టుకున్నారు. ఆ తర్వాత నూర్జాన్ ఏడుపు స్పష్టంగా వచ్చింది. "పాణం అంటాండాడే. పాణం పోతాందంటాండాడే."

"పాణం కాదే, పానా" అన్నాను, మామూలుగానే అన్నాను, అరిచినా లాభం లేదు.

రూతు రెండు చేతులూ నోటి దగ్గర గిన్నెలా పట్టి అరిచింది. "అన్నా, కరిసిన సోట సబ్బుతో కడగండి. పదైదు నిమిషాలు కడగల్ల. నీళ్లకేమి కొదవ లేదు గదా." చదువుకున్న పిల్ల, నిజంగానే కొదవ లేదు.

"సబ్బు తెచ్చినావా?" అని అంజినప్ప నన్నడిగాడు, ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత నూర్జాన్ తన చేతిసంచిలోంచి ఏదో తీసి పైకెత్తి ఊపుతూ, చూ చూ అని పిలవడం మొదలుపెట్టింది. బన్ను. కుక్కను బన్నుతో పిలిచి మమ్మల్ని విడిపించుకుందామని వచ్చింది. ముప్పై ఏళ్లలో నా కోసం ఈమె ఇంత దూరం పరుగెత్తి వచ్చింది ఎప్పుడూ లేదు, అవసరం ఎప్పుడు వచ్చింది గనక, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. నా మోటారు సైకిలు ఆమె పక్కనే ఉంది. సంచి దానికే వేలాడుతోంది. ఎవరూ దాని వైపు చూడటం లేదు. చూసినా ఏం, పుట్టి ఒకటే ఉంది, అది తారు పూసి కట్ట మీద బోర్లించి ఆరబెట్టారు.

"ఐదు" అన్నాడు అంజినప్ప. ఒక అల ముక్కు మీదుగా లోపలికి వచ్చి వాడి కాళ్లు తడిపింది. వాడు ఆ నీళ్లను చూశాడు, వించిని చూశాడు, నన్ను చూశాడు. బండి చక్రం బురదలో దిగబడితే వాడు ఇలాగే చూసేవాడు, తొందర లేకుండా.

"హుసేనూ. నీ కుక్క ఇడవదు గదా. నిజంగా ఇడవదు గదా?"

"కనపడ్డం లేదా?"

"అయితే దాన్ని ఇడిపించేది ఎందుకప్పా. ఇద్దరం ముందరికొస్తే బరువుకు ముక్కు ఇంకా దిగుతాది. అప్పుడు సడలిన వైరు సడలినట్ల సుట్టేద్దాం. మల్లా ఇద్దరం ఎనక్కి పోదాం. ముక్కు పైకి లేస్తాది, లేస్తా లేస్తా లంగర్ని అదే పెరుకుతాది. ఈడ నేల కదుల్తాది అని ఏడుస్తాండావు గదా, కదిలేదాన్నే పని చెయ్యనీ."

నేను దాన్ని అటూ ఇటూ తిప్పి ఆలోచించాను. తప్పు దొరకలేదు. ముప్పై ఏళ్ల మెకానిక్కు నేను, ఎద్దుల బండి తోలినవాడు నాకు చెబుతున్నాడు, తప్పు దొరకలేదు. ముందుకు పోవాలి, అంటే ఈ పలక వదలాలి, ఐదు వేళ్లు ఉన్న చోటికి నా బరువు కూడా పట్టుకుపోవాలి. బిస్మిల్లా అని మోకాళ్ల మీద పాకాను. పోతుంటే ముక్కు దిగడం మోకాళ్ల కింద తెలుస్తోంది. నాలుగు వేళ్లు, మూడు. అంజినప్ప ఎడం చేత్తో హాండిల్ పట్టుకోబోయాడు.

"నువ్వు దూరం పో" అన్నాను.

"ఒక్కనివే తిప్పలేవు."

"దూరం పో అంటే పో. హాండిల్ కాడికి రావద్దు." గొంతు నాకే కొత్తగా వినిపించింది. నీళ్లు రెండు వేళ్ల దూరంలో ఉన్నాయి, ఇంక దాచుకుని ఏం చేసుకుంటాను. "ఆ పొద్దు కుక్క అరిగిండేది నాకు తెల్సు అంజినప్పా. పొద్దున్నే సూసినా. కదిరికి పోతే పూట పోతాదని అట్లనే ఎత్తినా. నేను ఎగిరి పక్కకు పోతి, నువ్వు దాని మీదికి పోతివి. నీ చెయ్యి పోయింది నా వల్లనే. పన్నెండేండ్లు నీ పక్కన కూసోని టీ తాగినా గాని ఈ మాట చెప్పలే."

అంజినప్ప ఎడం చేత్తో నీళ్లు రెండుసార్లు బయటికి తోడాడు. కట్ట మీంచి చూ చూ అని వినిపిస్తోంది.

"తెల్సు" అన్నాడు.

"ఏం తెల్సు?"

"అరిగిండేది. నువ్వు దాన్ని రెండుసార్లు తడిమి, నా మొగం సూడకుండా లేసినావు. అప్పుడే తెల్సు. చేను ఎండిపోతాండె. నువ్వు కదిరికి పోతే మల్లా రేపటికి గాని రావు. నేను గూడా నోరు మూసుకుంటి."

"మరి ఈసారి నన్నే యాల చెయ్యనిస్తివి, కదిరిలో ఇంకెవరూ లేనట్ల?"

"ఒకసారి జారిడిసినోడు రెండోసారి జారిడవడని." వాడు ముక్కు చీదాడు. "అస్సలుకే ఇడవనిదాన్ని చేస్తావని అనుకోలే."

నాకు నవ్వు వచ్చింది, నవ్వుతుంటే ఏడుపు వచ్చింది, ఏది ఏదో చూసుకునే తీరిక లేదు, వాడు ఎడం చేత్తో హాండిల్ పట్టుకోనే పట్టుకున్నాడు, నేను వద్దనలేదు. ఇద్దరం తిప్పాం. టిక్కు. సడలిన వైరు డ్రమ్ము మీదికి వచ్చింది. టిక్కు. ఇంకొకటి. నీళ్లు అంచు మీద సన్నగా గీత గీసి లోపలికి కారాయి. టిక్కు. కుక్క పట్టుకుంది. హాండిల్ వదిలాం. నేను చూస్తూనే ఉన్నాను, ఆ రేకు మూతనే చూస్తున్నాను, జారలేదు. జరుగు అన్నాడు అంజినప్ప, ఇద్దరం వెనక్కి పాకాం, వాడు ఒక చేత్తో, నేను నాలుగు కాళ్ల జీవం మాదిరి. వెనక పలక ఎక్కి కూర్చున్నాం. ఏమీ కాలేదు. వైరు సన్నగా మూలిగింది. పడవ కీచుమంది. కింద పన్నెండేళ్ల నుంచీ కాచుకుని ఉన్న బోరు పట్టు వదలదు, కేసింగు పైపు అది, నేలలోకి దిగి ఉంటుంది, ఈ పడవ ముక్కే ఊడుతుంది, అనుకుంటూ, పోయే ముందు చదివే కలిమా మొదలుపెట్టానో లేదో, ఫట్టుమని పడవ ముందు భాగం గాల్లోకి లేచింది, మేమిద్దరం ఒకరి మీద ఒకరు పడ్డాం, అంజినప్ప బీడీల కట్ట నీళ్ల పాలయింది. పడవ రెండుసార్లు ఊగి, సమంగా నిలబడి, గాలికి మెల్లగా కదలడం మొదలుపెట్టింది.

అంజినప్ప లేచి వించి దగ్గరికి పోయి, హాండిల్‌ను ఎడం చేత్తో పట్టుకుని తిప్పాడు. రెండు వేళ్లతో తిప్పాడు. చిటికెన వేలితో కాదు, అది నేను ఎక్కువ చెప్పాను. టిక్కు టిక్కుమని నలభై అడుగుల వైరు వచ్చింది, వస్తుంటే వాడి ముఖం నేను చూశాను, మొదటిసారి బోరులో నీళ్లు పడ్డప్పుడు చూసిన ముఖమే. కొక్కేల గుత్తి నీళ్ల పైకి వచ్చింది. దాని కొక్కేల మధ్య కేసింగు పైపూ లేదు, బోరూ లేదు, దయ్యమూ లేదు. నల్లగా, ముళ్ల కొమ్మతో సహా, సర్కారు తుమ్మ వేరు. పీకినా కాల్చినా చావదని ఆ చెట్టును బతికినన్నాళ్లూ తిట్టినవాడు అంజినప్ప, నీళ్లలో ముంచినా అది గట్టు పట్టుకునే ఉంది. వాడు దాన్ని విడిపించి పడవలోనే వేసుకున్నాడు, పొయ్యిలోకి పనికొస్తుందట.

తెడ్డు నేను వేశాను, వాడు దాపటికి, వలపటికి అని చెబుతుంటే. సగం దూరం వచ్చాక అన్నాడు. "మూతకు పక్కన సందు పెట్టల్ల. ఏలు దూరేంత. ఆదివారం పొద్దున పానా తీసుకోని రా."

"ఆదివారం నీకు బెంగళూరు బస్సు గదా."

"యా బస్సు?" అన్నాడు, కొండ మీది గుండునూ టవరునూ చూసుకుంటూ. నేను ఇంకేమీ అడగలేదు, తెడ్డు వేశాను.

కట్ట దగ్గర నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి నిలబడి ఉంది నూర్జాన్, ఒక చేతిలో కట్టె, ఒక చేతిలో బన్ను. పడవలోకి తొంగి చూసి కుక్క యాడ అంది. వించి మూత చూపించి ఇదే అన్నాను. ఆమె ఆ ఇనుప పెట్టెను చూసింది, నన్ను చూసింది, కట్టె ఎత్తింది, మళ్లీ ఏమనుకుందో దించేసింది. "ముప్పై ఏండ్లయె, దీన్ని కుక్క అంటారని ఇంట్లో ఒక్కనాడన్నా చెప్పినావా" అంది. చెప్పలేదు, ఇక నుంచి అన్నీ చెబుతాను అన్నాను. బన్ను విరిచి సగం నాకు, సగం అంజినప్పకు పెట్టింది. ఈ లోపల రూతు నీలం డబ్బా తెరిచి, మంచుగడ్డల మధ్యలోంచి కుక్క కాటు మందు సీసా తీసుకుని నిలబడింది. మా మాటలేవీ ఆమె వినలేదు, ఆమె తొందర ఆమెది.

"ఇద్దర్లో ఎవర్ని కరిసింది, తొందరగా చెప్పండన్నా."

అంజినప్ప బన్ను నోట్లో పెట్టుకుని, ఎడం చేత్తో చొక్కా పక్కకు జరిపి, కుడి భుజం మీద ఎముక వంకరగా అతుక్కున్న చోటు చూపించాడు.

"నన్నేమ్మా. పన్నెండేండ్లయింది. ఈ పొద్దు ఇడిసింది."